ఊటీ పోయేవాళ్ళకు రాయమల్లు చెప్పిన జాగ్రత్తలు

గోదావరిఖనిలో ఎవరికైనా ఊటీ చూసి రావాలని బుద్ధి పుడితే, ఆ ఇంటి పెద్ద మొట్టమొదట చేసే పని రాయమల్లు క్వార్టరు గడప తొక్కడం. సెలవు మీద పోయే కార్మికులకు కంపెనీ రైలు చార్జీలిచ్చే పద్ధతి వచ్చిన కొత్తలు అవి. తిరుపతి, రామేశ్వరం మొక్కులు తీరినవాళ్ళు ఇక ఏదైనా చల్లటి ఊరు చూద్దామనుకునేవాళ్ళు. ఎండాకాలం బండలు పేలే మన బొగ్గు బాయిల దగ్గర, మే నెలలో కూడా రగ్గు కప్పుకొని పడుకునే ఊరు ఒకటుందంటే ఎవరికి మాత్రం చూడాలని ఉండదు?

రాయమల్లు వాకిట్లో నులక మంచం వాల్చి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, వేళ్ళు మడుస్తూ చెప్పేవాడు.

"కాజీపేట్ల బండి మారాలె, పిల్లల చెయ్యి ఇడువద్దు. మద్రాసు పోయి, ఆడికెల్లి మేట్టుపాళెం. దిగంగనే కొండ రైలు టికెట్ల దిక్కు ఉరకాలె, చాయలు గీయలు తర్వాత. ఇంజిను ఎనుక నుంచి నూకుతది, అందుకని ముందటి డబ్బల కూసోవాలె, పొగ రాదు. కూనూరు దాకా ఎడమ దిక్కు కిటికి పట్టాలె, కూనూరు దాటినంక కుడి దిక్కు. మలుపులల్ల కడుపుల తిప్పుతది, నిండ తిని ఎక్కద్దు, అల్లం ముక్క బుగ్గన వెట్టుకోవాలె. దొడ్డబెట్ట కొండ పొద్దుగాల్నే ఎక్కాలె. పగటీలి అయ్యిందంటె మబ్బు కమ్ముతది, పక్క మనిషి కనవడడు. కోతులు సూస్తుంటె సంచి ఇప్పద్దు."

ఇన్ని చెప్పే మనిషి ఊటీకి పోయింది అప్పటికి ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా సొంతంగా పోయింది కాదు, గెలుచుకున్నది.

రాయమల్లుది కమాన్‌పూర్. ఆ ఊరి బడిలోనే ఏడో తరగతి దాకా చదివాడు. ఉర్దూ, తెలుగు రెండూ రాయగలడు. మన దగ్గర మొదటి గని తెరిచినప్పుడు తట్ట, బొగ్గు ఎత్తే చెమ్మస్ పట్టుకొని దిగిన తొలి జట్టులో అతనొకడు. బొగ్గు నింపుతూనే, డ్యూటీ దిగి వచ్చి చదువుకొని, సర్దార్ పరీక్ష పాసయ్యాడు. సర్దార్ అంటే గనిలో తనకు అప్పజెప్పిన భాగానికి కాపలా మనిషి. అందరికంటే ముందు చేతిలో సేఫ్టీ దీపం పట్టుకొని లోపలికి పోయి, గని పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విని, దీపం వత్తి మీద నీలి మంట లేస్తుందేమో చూసి, గాలి మంచిదేనని చెప్పాలి. అతను చెప్పినాకే మిగతావాళ్ళు అడుగు పెట్టాలి. రాయమల్లు చూసే భాగంలో ఒక్క మనిషిని కూడా స్ట్రెచర్ మీద పైకి తెచ్చింది లేదు. ఇది ఊరికే పొగడ్త కాదు, బాయి మొత్తం ఎరిగిన మాట. "రాయమల్లు దీపం ఎనుక కండ్లు మూసుకొని పోవచ్చు" అనేవాళ్ళు బొగ్గు నింపే ఫిల్లర్లు.

ప్రథమ చికిత్సలోనూ అతనికి ఎదురు లేదు. కట్టు కట్టడం, విరిగిన కాలికి బద్దలు పెట్టడం, ఊపిరాగిన మనిషికి మళ్ళీ ఊపిరి పోయడం, వీటిలో కోలార్ బంగారు గనుల దగ్గర జరిగిన పోటీల్లో మన జట్టు మొదటి బహుమతిగా కప్పు తెచ్చింది. జట్టు నాయకుడు రాయమల్లే. మెచ్చుకున్న దొరలు జట్టును మైసూరు మీదుగా ఊటీ తీసుకుపోయి చూపించారు. వచ్చేటప్పుడు కొండ రైలులో దింపారు. ఆ కప్పు మేనేజర్ గదిలో అద్దాల బీరువాలో ఉండేది. ఊటీ మాత్రం రాయమల్లు నోట్లో ఉండేది.

ఆ నోటిని అదుపులో పెట్టేది ఒక్క సమ్మవ్వే. రాయమల్లు భార్య. పొట్టిగా, గట్టిగా, మాటకు మాట అప్పుడే అప్పజెప్పే మనిషి. పుట్టిన పిల్లలు నిలవలేదు. ఆ దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకుందో గానీ, నవ్వు మాత్రం అందరికీ పంచేది. రాయమల్లు మంచం మీద కూర్చొని "ఊటీల మబ్బు కిటికిలకెల్లి ఇంట్లకొస్తది" అన్నాడంటే, లోపలి నుంచి గొంతు వినబడేది.

"వచ్చి ఏం చేస్తదట? చాయ తాగి పోతదా, రాత్రికి ఉంటదా?"

వాకిలంతా నవ్వేది. రాయమల్లు కూడా నవ్వేవాడు. కానీ లోపల మాత్రం పట్టుదల పెరిగేది. ఊరందరూ నమ్మిన మాట ఇంటిది నమ్మదేమని. ఎట్లయినా ఆమెను తీసుకుపోయి ఆ కిటికీ ముందు నిలబెట్టాలని. పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని వదిలి కొన్నేళ్ళు కదలలేకపోయాడు. తల్లి పోయి ఏడాది మాసికం అయ్యాక, పందొమ్మిది వందల డెబ్బైలో, సెలవు పెట్టాడు. ఎండాకాలంలో అందరూ సెలవు అడుగుతారని మేనేజర్ ఇవ్వలేదు. డిసెంబరులో ఇచ్చాడు.

తోడుగా పోశం, అతని భార్య మల్లక్క బయలుదేరారు. పోశం రాయమల్లు దగ్గరే పనిచేసే ఫిల్లర్, పక్క క్వార్టరు. వరుసకు బావా బావా అనుకునేవాళ్ళు.

సమ్మవ్వ తల్లి సారవ్వ అప్పటికే వాళ్ళ ఇంట్లో ఉండేది. మొగడు పోయినాక కమాన్‌పూర్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండి, బిడ్డ ఒక్కతే ఉంటుందని ఇక్కడికి వచ్చింది. రామగుండం స్టేషనులో రైలు కదిలే ముందు ఆమె కిటికీ కమ్మీ పట్టుకొని అల్లుడితో అన్నది.

"కొడుకా, నా బిడ్డను నీ చేతుల వెడ్తున్న. మళ్ళ నా చేతుల వెట్టాలె."

"ఏందవ్వా, లగ్గం నాడు చెప్పిన మాట మళ్ళ చెప్తున్నవ్" అని సమ్మవ్వ నవ్వింది.

"అప్పుడు నువ్వు పోయేది పక్కకే గదనే."

రాయమల్లు అత్త చేతి మీద చెయ్యి వేసి, "బాయిల వందమందిని తీస్కపోయి తీస్కస్తున్న అత్తా, నీ బిడ్డ ఒక లెక్కనా?" అన్నాడు.

మన బొగ్గు బాయి మనుషులు ఎక్కడికి పోయినా బొగ్గు వెంట పోవాలి. ఇంటింటికీ కంపెనీ ఇచ్చే బొగ్గే. దాని మీదే వంట, దాని మీదే వేణ్ణీళ్ళు. పాత ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తి, నడుమ కడ్డీలు గుచ్చితే పొయ్యి. యాత్రలకు పోయేటప్పుడు ఆ బకెట్ పొయ్యీ, గోనె సంచిలో బొగ్గూ పరుపు చుట్టలో పెట్టి కట్టేవాళ్ళు. సమ్మవ్వ, మల్లక్క కూడా అట్లాగే కట్టారు. కట్టె దొరకని చోట కూడా బువ్వ ఉడకాలి కదా.

కొండ రైలు నీళ్ళకు ఆగినచోట పోశం దిగి, ఇంజిను పక్కన పడి ఉన్న నల్ల పెళ్ళ ఒకటి ఏరి, వేలితో గీరి, వాసన చూశాడు.

"బావా! గిది మన బొగ్గే!"

"నీకు కనవడ్డదంత మన బొగ్గే" అన్నాడు రాయమల్లు.

"కాదు కాదు, పోశన్న చెప్పింది ఖరారే" అన్నది సమ్మవ్వ. "గీ బండిని మనమే నూకుతున్నమన్నట్టు. టికెటు పైసలు వాపసు ఇమ్మను."

పక్కన కూర్చున్న అరవ కుటుంబానికి మాట అర్థం కాకపోయినా, ఆమె చెప్పిన తీరుకు వాళ్ళూ నవ్వారు. లోయ వచ్చినప్పుడు మాత్రం ఆమె నవ్వు ఆగిపోయింది. అంత లోతును ఆమె ఎన్నడూ చూడలేదు. "బాయి ఇంత లోతుంటదా?" అని మెల్లగా అడిగింది. "ఇంతకంటె ఎక్కువనే. కాని ఆడ కనవడది" అన్నాడు. ఆమె మొగని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నది. పదేళ్ళుగా తన మొగడు రోజూ ఎక్కడికి దిగుతున్నాడో ఆమెకు ఆ రైలులో తెలిసింది.

ఊటీలో మధ్యాహ్నం దిగారు. మార్కెట్టు వెనక ఒక చిన్న లాడ్జీలో పక్కపక్కన రెండు గదులు తీసుకున్నారు. పాత తెల్లదొర ఇల్లట, మందపాటి గోడలు, అద్దాల కిటికీలు, సందు లేకుండా బిగిసే తలుపులు. సామాను పడేసి తోటకు పోయారు. ఆ పచ్చగడ్డి మీద చెప్పులతో నడవడానికి సమ్మవ్వకు మనసొప్పలేదు, విప్పి చేత పట్టుకున్నది. పొద్దుగుంకేవేళ కొండ మీది నుంచి మబ్బు దిగింది. చెట్లు పోయాయి, దారి పోయింది, మల్లక్క చిన్నపిల్ల కొంగు పట్టుకున్నట్టు పోశం అంగీ పట్టుకున్నది. సమ్మవ్వ జుట్టు మీద సన్నని నీటి చుక్కలు నిలిచాయి.

"ఇప్పుడు చెప్పు. ఇప్పుడేమంటవ్?" అన్నాడు రాయమల్లు.

ఆమె చెయ్యి చాచి మబ్బును పట్టి, పిడికిలి విప్పి చూసుకున్నది. మూతి బిగబట్టినా కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

"గిది పొగనో ఏమో. రేపు కొండ మీద సూసి చెప్త."

ఆ సాయంత్రం లాడ్జీ పెరట్లో బకెట్ పొయ్యి రాజేసి బువ్వ వండుకున్నారు. అందరికీ పళ్ళు టకటకలాడుతున్నాయి. మన దగ్గర ఒక పద్ధతి ఉంది. పచ్చి బొగ్గు మొదట పొగ కక్కుతుంది. ఆ పొగంతా పోయి నిప్పులు ఎర్రగా అయ్యేదాకా పొయ్యిని వాకిట్లో ఉంచుతాం, తర్వాత ఇంట్లోకి తెచ్చుకుంటాం. పొగ లేకపోతే హాని లేదన్నది మన ఆడవాళ్ళ లెక్క. మన క్వార్టర్లలో ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. పైన రేకుల సందులు, గోడల్లో జాలీలు, కిందా పైనా గాలి ఆడుతూనే ఉంటుంది.

తిన్నాక ఆడవాళ్ళిద్దరూ ఒక గదిలో, మొగవాళ్ళిద్దరూ ఒక గదిలో పడుకుందామనుకున్నారు. సమ్మవ్వ రెండు రగ్గులు కప్పుకున్నా వణుకుతూనే ఉంది.

"నిప్పులు మంచిగ అయినయి, పొయ్యి లోపటికి తే రాదు? పొద్దుగాల్ల దాకా ఎచ్చగుంటది."

రాయమల్లు వంగి చూశాడు. పొగ చుక్క లేదు. పొయ్యి పిడి పట్టి తన చేతులతోనే ఎత్తి, రెండు మంచాల నడుమ పెట్టాడు. కిటికీ సందులోంచి చలిగాలి వస్తోందంటే రెక్క గట్టిగా నొక్కి గొళ్ళెం వేశాడు. "పండుండ్రి, పొద్దుగాల్నే లేవాలె" అని తలుపు దగ్గరగా వేసి పోయాడు.

తెల్లవారి లేచి చూసేసరికి మల్లక్క వసారాలో గడప మీద పడి ఉంది. కడుపులో తిప్పితే బయటికి పోదామని లేచిందట, తలుపు తీసిందాకా గుర్తుంది, తర్వాత గుర్తులేదు. తల పగిలిపోతోందని ఏడుస్తోంది. పోశం ఆమెను పట్టుకున్నాడు. రాయమల్లు గదిలోకి పోయాడు.

సమ్మవ్వ గోడవైపు తిరిగి పడుకొని ఉంది. ముఖం మీద రగ్గు తీశాడు. బుగ్గలు గులాబీల్లా ఎర్రగా ఉన్నాయి. జీవితంలో ఎన్నడూ ఆమె ముఖానికి అంత కళ లేదు. వెనక నుంచి పోశం చూసి, "మంచిగనే ఉన్నది బావా, నిద్రపోతున్నది, లేపు" అన్నాడు.

రాయమల్లు లేపలేదు. అతనికి ఆ ఎరుపు తెలుసు. సర్దార్ పరీక్షలో ఇన్‌స్పెక్టర్ ఎదుట నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పిన జవాబు అది. మూసి ఉన్న చోట బొగ్గు మండితే ఒక గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దీపానికి అందదు. నిప్పంటుకున్న గనిలోకి పోయేటప్పుడు అందుకే చిన్న పిట్టను పంజరంలో పట్టుకుపోతారు. పిట్ట తూలితే మనుషులు వెనక్కి రావాలి. ఆ గాలికి పోయినవాళ్ళ ముఖం ఎర్రగా ఉంటుంది. "శాబాష్" అన్నాడు ఆ ఇన్‌స్పెక్టర్.

అయినా రాయమల్లు ఆమెను చేతుల మీద ఎత్తుకొని వసారాలోకి తెచ్చి పడుకోబెట్టాడు. కోలార్‌లో కప్పు తెచ్చిన చేతులతో ఊపిరి పోయడం మొదలుపెట్టాడు. ఒత్తుతున్నాడు, వదులుతున్నాడు, నోట్లో నోరు పెట్టి ఊదుతున్నాడు. ఒక్క తప్పు లేదు. లాడ్జీవాళ్ళు చుట్టూ చేరారు. కొండ మీది నుంచి మబ్బు దిగి వసారాలోకి, గదిలోకి వచ్చింది. పిలుచుకొచ్చిన డాక్టరు నాడి చూసి, చాలాసేపు అతని భుజం మీద చెయ్యి పెట్టి నిలబడి, చివరికి ఆ రెండు చేతులూ పట్టి ఆపాడు.

అంత దూరం నుంచి శవాన్ని తెచ్చే దారి లేదు. అక్కడే దహనం చేసి, అస్థికలతో బయలుదేరారు. రైలులో మల్లక్క మధ్య మధ్య "వదినె కొంగు నా చేతిలకచ్చింది, నేను ఇడిసిన" అని ఏడ్చేది. ఆ మాట నిజమో, నొప్పిలో కలగన్నదో ఆమెకే తెలియదు.

రామగుండం స్టేషనుకు తంతి ముందే చేరింది. సారవ్వ వచ్చింది. రాయమల్లుతో గనిలో దిగే మనుషులు చాలామంది వచ్చారు. ఎర్రగుడ్డ చుట్టిన చిన్న కుండను చూసి సారవ్వ, "ఏమైంది నా బిడ్డకు? ఏమైంది కొడుకా?" అని అడిగింది. రాయమల్లు నోరు తెరిచాడు. మాట రాకముందే పోశం అడ్డం వచ్చాడు.

"సలికి అవ్వా. ఆడి సలికి గుండె ఆగింది. డాక్టరు గదే చెప్పిండు."

పోశం చెడ్డవాడు కాదు. ఆ చుట్టూ నిలబడ్డవాళ్ళంతా రోజూ రాయమల్లు దీపం వెనక నడిచేవాళ్ళు. గాలి చూసే సర్దార్ ఇల్లాలు గాలికి పోయిందంటే ఆ పేరు ఇక లేవదని అతని భయం. మిత్రుడి పరువు మీద తన తువ్వాల కప్పాడు. రాయమల్లు ఆ మాట కింద తల దాచుకున్నాడు. కుండను అత్త చేతుల్లో పెట్టాడు.

సారవ్వ అతన్ని ఒక్క మాట అనలేదు. కొడుకు బుచ్చన్న వచ్చి కమాన్‌పూర్ రమ్మంటే పోలేదు. "దేవుడు సలి రూపంల కొంటవోయిండు, వీడేం చేస్తడు? వీనికి బువ్వెవ్వలు వండుతరు?" అన్నది. ఏ షిఫ్టు అయినా రాయమల్లు తిరిగి వచ్చే వేళకు వేడినీళ్ళు, బువ్వ సిద్ధంగా ఉండేవి. ఆ అన్నం గొంతు దిగడానికి అతను పడే అవస్థ ఆమెకు బిడ్డ మీది దుఃఖంగానే కనబడేది. "తిను కొడుకా, ఆమె పోయినంక నాకు నువ్వే బిడ్డవు" అనేది. అట్లా ఏళ్ళు గడిచాయి.

ఈ లోపల ఊరు తన పని తాను చేసింది. ఊటీ చలికి సమ్మవ్వ గుండె ఆగిందన్న మాట శ్రీరాంపూర్ దాకా, కొత్తగూడెం దాకా పోయింది. ఊటీ పోయేవాళ్ళు ఇప్పుడు ఒక సంచి బొగ్గు చాలదని రెండు సంచులు కట్టసాగారు. "సమ్మవ్వకు అయినట్టు కావద్దు, రాత్రి పొయ్యి లోపల్నే పెట్టుకోండ్రి" అని ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. రాయమల్లు మాత్రం అన్ని జాగ్రత్తలూ చెప్పి చివర, "పొయ్యి బయటనే ఉంచుండ్రి, కిటికి జర తెరిచి పండుండ్రి" అనేవాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాడు. బయటికి పోయాక వాళ్ళు, "పాపం, పెండ్లాం సలికి పాయె, ఈయన కిటికి తెరువుమంటడు, మతి సక్కగ లేదు" అనుకునేవాళ్ళు. పోయినవాళ్ళు తిరిగి వచ్చేదాకా అతనికి నిద్ర ఉండేది కాదు. దేవుని దయవల్ల అందరూ తిరిగొచ్చారు. ఒకరి గదికి రెక్క ఊడిన కిటికీ ఉండేది, ఇంకొకరు ధర్మసత్రం అరుగు మీద పడుకునేవాళ్ళు.

డెబ్బై ఎనిమిదిలో అబ్దుల్ వహాబ్ ఊటీ ప్రయాణం పెట్టుకున్నాడు. వహాబ్‌ది ల్యాంపు గదిలో పని. ప్రతి షిఫ్టుకూ రాయమల్లు చేతికి దీపం వెలిగించి ఇచ్చేది అతనే. భార్య కుబ్రా బేగం, ఇద్దరు ఆడపిల్లలు. రాయమల్లు వాళ్ళను సాగనంపడానికి స్టేషనుకు పోయాడు. పరుపు చుట్ట ఎత్తబోతే బరువుగా ఉంది.

"ఇండ్లేమున్నది వహాబ్ భాయ్?"

"ఏముంటది, బొగ్గు. కుబ్రా నిండుగ కట్టింది. ఆడ మస్తు సలి గదా, పిల్లలున్నరు."

రాయమల్లు ప్లాట్‌ఫారం మీదే కూర్చొని తాడు విప్పడం మొదలుపెట్టాడు. గని మొగసాల దగ్గర బీడీలు, అగ్గిపెట్టెలు దొరుకుతాయేమోనని మనుషులను తడిమినట్టు, ఒక్కొక్క దుప్పటీ దులిపి, బొగ్గు సంచి లాగి పక్కన పడేశాడు. బకెట్ పొయ్యి కూడా పడేశాడు. జనం మూగారు. కుబ్రా బేగానికి కోపం వచ్చింది.

"ఏం పనిది భయ్యా? నలుగుర్ల పరువు తీస్తున్నవ్! నా పిల్లలు సలికి సావాల్నా, మీ సమ్మక్క లెక్క?"

పోశం కూడా అక్కడే ఉన్నాడు. "బావా, లే. ఇంటికి పోదాం, లే" అని చెయ్యి పట్టుకున్నాడు. రాయమల్లు ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

"సమ్మవ్వ సలికి సావలేదు చెల్లె" అన్నాడు. "ఈ బొగ్గుకే సచ్చింది. నిప్పులు ఎర్రగైనంక నేనే పొయ్యి లోపల వెట్టిన. నేనే కిటికి మూసిన. పొగ లేదనుకున్న. గాలి ఇసం అయ్యింది. గాలి సూసే సర్దార్ను నేను. పక్క గదిల పండుకున్న."

వహాబ్ తల వంచుకొని దుప్పట్లు మళ్ళీ చుట్టాడు. కుబ్రా బేగం బొగ్గు సంచిని తనే కాలితో ప్లాట్‌ఫారం అంచుకు నెట్టి, చిన్న పిల్లను ఎత్తుకొని రైలెక్కింది. కిటికీలోంచి, "తెరిచి పండుకుంట భయ్యా, కసమ్" అన్నది.

రైలు పోయింది. పోశం, "ఏండ్ల సంది దాచిన మాట గదనే బావా. నీ పేరేం గావాలె?" అన్నాడు. "పేరు సంగతి తర్వాత. అత్తకు వేరేవాళ్ళు చెప్పకముందే నేను పోవాలె" అని రాయమల్లు సైకిల్ ఎక్కాడు.

సారవ్వ వాకిట్లో పొయ్యి ముందు కూర్చొని చింతపండు పిసుకుతోంది. అతను ఎదురుగా నేల మీద కూర్చొని, ఏదీ మిగల్చకుండా చెప్పాడు. ఆమె చెయ్యి గిన్నెలో అట్లాగే ఆగిపోయింది.

"నీ చేతిల దీపం లేకుండెనా కొడుకా?"

"లేదు అత్తా. ఉన్నా ఆ గాలి దీపానికి అందది. పిట్టకే తెలుస్తది. పిట్ట సచ్చినంక మనిషికి ఎర్కయితది."

ఆమె గిన్నె పక్కకు జరిపింది.

"నా బిడ్డ పిట్టయ్యిందా?"

సారవ్వ లేచి చెయ్యి కడుక్కుని, పులుసు కాచి, ఎప్పటిలాగే కంచంలో అన్నం పెట్టి అతని ముందుకు జరిపింది. తాను తినలేదు. మర్నాడు చీరలు మూట కట్టుకొని కమాన్‌పూర్ బస్సెక్కింది. వెంట వస్తానంటే వద్దన్నది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఏడ్చి తిట్టినా బాగుండునని రాయమల్లు తర్వాత వహాబ్‌తో అన్నాడు.

గని మీద ఆ వారమంతా గుసగుసలే. అయినా ఆ మాట బయటపడ్డ తర్వాతి షిఫ్టులో రాయమల్లు దీపం పట్టుకొని లోపలికి పోయి వచ్చి "పోండ్రి" అంటే, ఫిల్లర్లంతా పోయారు. గనిలో అతని దీపం ఎన్నడూ తప్పలేదు, మన మనుషులకు ఆ మాత్రం తెలుసు. ఒక్కరు మాత్రం వేరే భాగానికి మార్చమని అడిగారు. రాయమల్లే ఆ మనిషి పేరు రాసి షిఫ్టు చూసే ఓవర్‌మన్‌కు ఇచ్చాడు. ఆనాటి నుంచి మన ప్రాంతంలో ఊటీ పోయే పరుపు చుట్టలో బొగ్గు కనబడలేదు. ఇది రాయమల్లు కోలార్ నుంచి తెచ్చిన కప్పు కంటే పెద్దది. కానీ దీనికి బీరువా లేదు.

వహాబ్ వాళ్ళు క్షేమంగా తిరిగొచ్చారు. సారవ్వ మోకాళ్ళకు పనికొస్తుందని ఒక సీసా నీలగిరి తైలం తెచ్చారు. ఆమె వెళ్ళిపోయిందని వాళ్ళకు తెలియదు. రాయమల్లు ఆదివారం ఆ సీసా జేబులో పెట్టుకొని కమాన్‌పూర్ పోయాడు.

సారవ్వ అరుగు మీద కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. సన్నబడింది. అతను సీసా ఆమె పక్కన పెట్టి, "మోకాళ్ళకు అత్తా. వహాబ్ భాయ్ పంపిండు" అన్నాడు. ఆమె మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నది. ఆ ఘాటు అరుగంతా కమ్మింది.

"గిది ఆ ఊరిదేనా?"

"ఆ ఊరిదే."

ఆమె ఇంకోసారి వాసన చూసింది.

"ఆ రాత్రి గాలికి గింత వాసన ఉన్నా, నా బిడ్డ లేసి తలుపు తీస్తుండె."

సీసాకు మూత బిగించి, అతని వైపే జరిపి, మిరపకాయల చేట ఎత్తుకొని లోపలికి పోయింది. రాయమల్లు కూర్చున్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగింది. ఆమె మళ్ళీ బయటికి రాలేదు. పొలం నుంచి వచ్చిన బుచ్చన్న చూసి, కాళ్ళు కడుక్కుంటూ, "బువ్వ తిని పో బావా" అన్నాడు.

"రెండో షిఫ్టు ఉన్నది" అన్నాడు రాయమల్లు. ఆదివారం షిఫ్టు లేదని బుచ్చన్నకు తెలుసు. అయినా బస్సు దాకా వెంట నడిచాడు.